ఆడి దాటి కత్తిరిలో

తిరుపతి,
ఏప్రిల్ 21

నాయనా,

ముందు కూర్చో. కళ్ళద్దాలు తుడుచుకొని నింపాదిగా చదువు. నాకేమీ కాలేదు. కడుపులో ఉన్నది కూడా వేళకు తన్నుతూ తన పని తాను చూసుకుంటోంది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీ ఊరి పోస్టుమాను నవ్వితే నవ్వనీ. ఫోనులో నీకొక మాట వినపడాలంటే వీధి వీధంతా వినేలా నేను అరవాలి. ఇప్పుడు చెప్పబోయేది పక్క గదిలోకి కూడా పోకూడని మాట.

వచ్చే నెల ఒకటో తేదీ, పౌర్ణమి శుక్రవారం నాడు, నా కడుపు కోయించి బిడ్డను బయటికి తీయించాలని మా అత్త నిశ్చయం చేసింది. నువ్వు సరిగ్గానే చదివావు. డాక్టరమ్మ చెప్పిన కాన్పు తేదీ మే నెలాఖరు. ఇంకా నెల దగ్గరగా లోపలే ఉండవలసిన పసిగుడ్డును, నాకు ఏ జబ్బూ లేకుండా, బిడ్డకు ఏ ఆపదా లేకుండా, క్యాలెండరు చూసి పెరికేస్తారట. ఎందుకో నువ్వు ఈపాటికి ఊహించే ఉంటావు. మే నాలుగో తేదీన కత్తిరి పుట్టి నెలాఖరు దాకా ఉంటుంది.

కత్తిరి అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? సూర్యుడు కృత్తిక నక్షత్రాన్ని పట్టే రోజులు. ఆ ఎండకు అరవవాళ్ళు అగ్ని నక్షత్రమని పేరు పెట్టుకున్నారు. కత్తిరి పుట్టిందంటే నువ్వు కొట్టంలో గుంజ కూడా పాతేవాడివి కాదు. బావి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు, కొత్త ఇంటికి ముగ్గు పోయకూడదు. చిన్నప్పుడు ఆ రోజుల్లో చింతకొమ్మ విరిచానని నా వీపు మీద ఒకటి వేశావు కూడా. ఇవన్నీ నేను కాదనను. ఎండ మండేటప్పుడు మనిషిని పనిలోంచి నీడకు తరమడానికి పెద్దలు పెట్టిన కట్టుబాటు అనుకుంటాను. కానీ మా అత్త భారతమ్మ చెప్పే కత్తిరి వేరు.

కృత్తికలు ఆరుగురు తల్లులట. కుమారస్వామికి పాలిచ్చి పెంచినవాళ్ళు. ఏడాది పొడుగునా ఆకాశంలో ఒక గుత్తిగా కూర్చొని భూమ్మీది పసిబిడ్డలందరికీ కావలి కాస్తుంటారట. కత్తిరి రోజుల్లో సూర్యుడు వచ్చి వాళ్ళ మధ్యలో కూర్చుంటాడు. అందుకని వాళ్ళు మన కంటికి కనపడరు, మనం వాళ్ళ కంటికి కనపడము. "తల్లులే కండ్లు మూసుకోని ఉండేటప్పుడు పుట్టిన బిడ్డకు దిక్కెవురు మే రూపా?" అని అడుగుతుంది. కథ బాగుంది అత్తమ్మా అనలేను కదా.

ఇందులో నీ తప్పు కూడా ఉందట, విను. పెళ్ళయిన తొలి ఏడాది ఆడి నెలకు, అదే మన ఆషాఢానికి, నన్ను పుట్టింటికి తెచ్చుకున్నావు. ఆ నెలలో మొగుడూ పెళ్ళాలు ఒకచోట ఉంటే బిడ్డ మండువేసవిలో పుడుతుందనే కదా ఆ ఆచారం. ఆడి ముగిసిన మరునాడే నువ్వు నాకు పసుపు కుంకుమ పెట్టి బస్సెక్కించావు. ఇంకేం, మేమూ సంతోషించాము. ఇప్పుడు మా అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టుకొని, "ఆడిని దాటిస్తిమి గానీ కత్తిరిని దాటించలేకపోతిమే! మీ నాయన ఇంకొక నెల పెట్టుకోనుంటే ఆయన సొమ్మేం పోయె!" అని తల కొట్టుకుంటోంది. ఆచారాన్ని అక్షరం తప్పకుండా పాటించి ఇందులో పడ్డాము నాయనా. పెనం మీద నుంచి పొయ్యిలో పడడమంటే ఇదే. తలచుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే కడుపు పట్టేస్తుంది.

నేను ఊరికే కూర్చోలేదు. తెలుగు పంచాంగం తెప్పించి, మొదటి వారం డొల్లు కర్తరి, నిజ కర్తరి పదకొండో తేదీకి గానీ రాదు అని వేలుపెట్టి చూపించాను. ఆ వారమైనా బిడ్డకు కలిసొస్తుందని నా ఆశ. మా అత్తది కార్వేటినగరం. వాళ్ళింట్లో అరవ క్యాలెండరే వేదం. "డొల్లో గట్టిదో, నిప్పు నిప్పే" అని తేల్చేసింది.

పోయిన వారం స్కానింగు చూసిన డాక్టరమ్మ, "బిడ్డ బరువు చాలదు. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడాలి. దాని వేళకు దాన్ని రానివ్వండి" అని మా అత్త ఎదుటే చెప్పింది. అందుకని మా అత్త వేరే నర్సింగ్ హోమ్ వెతుక్కుంది. అక్కడ ముహూర్తం చెబితే చాలు, కాదనకుండా రాసుకుంటారు. కత్తిరిలో కత్తి పట్టకూడదు కాబట్టి కత్తిరికి ముందే కత్తి పెడతారన్నమాట.

మీ అల్లుడి సంగతి అడుగుతావు. లాడ్జీ మేనేజరు కదా, గదులు దొరకని యాత్రికులు వందమంది మీద పడ్డా నెగ్గుకొస్తాడు. వాళ్ళమ్మ ముందు మాత్రం నోట్లో నాలుక ఉండదు. "అమ్మ భయపడతా ఉండాది రూపా. రెండు వారాలు అటూ ఇటూ అయితే ఏమవుతాది?" అంటాడు. నెలను రెండు వారాలు చేసేశాడు. ఆయన మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది, ఎవరినీ నొప్పించకూడదని చూసి చివరికి అడగలేనిదాన్ని నొప్పిస్తారు. కడుపులో ఉన్నది అడగలేదు కదా.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అమ్మ పోయి ఇన్నేళ్ళయింది, ఆడదిక్కు లేని ఇంట్లో ఎలా అని అందరం కలిసి ఇక్కడే అనుకున్నాము. ఇప్పుడు నాకు ఏ ఆడదిక్కూ వద్దు. నువ్వుంటే చాలు. పలమనేరులో ఎండ ఇంత ఉండదు, సర్కారు ఆసుపత్రి ఉంది, నీ పెరుగన్నం ఉంది. ఆవు ఈనింది, పాపకు జున్ను పెట్టాలని ఉంది అని ఏదో ఒక అబద్ధం చెప్పి, వచ్చే బుధవారం లోపల నన్ను తీసుకుపో. తరువాత వాళ్ళు నన్ను తిట్టుకున్నా, గడప తొక్కనివ్వకపోయినా నేను పడతాను. నాకు భయంగా ఉంది నాయనా. నా జన్మలో ఇంత భయం ఎరగను.

నీ కోసం దారి చూస్తూ,
రూపశ్రీ


తిరుపతి,
ఏప్రిల్ 25

నాయనా,

నిన్ను ఏమని తిట్టాలో తెలియక కాగితం ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఫోను వద్దనే కదా నేను ఉత్తరం రాసింది! ఉత్తరం చదివి ఫోను చేసే మనిషి ఈ జిల్లాలో నువ్వొక్కడివే ఉంటావు. పోనీ నాకు చేశావా? మీ అల్లుడికి చేశావు. అదీ అందరం అన్నాలకు కూర్చున్న వేళ.

నువ్వేం మాట్లాడావో నీకు గుర్తుందో లేదో. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకోకముందే నీ గొంతు ఇల్లంతా నిండిపోయింది. "అబ్బా చక్రధరా! మా పాప జాబు రాసింది! బిడ్డను నెలలు నిండకుండానే కోసి తీస్తారంటనే! ఆవుకు గూడా నెలలు నిండనిస్తాము గదప్పా! ఆవు ఈనిందని చెప్పి పిల్చకపొమ్మని రాసింది. నాకు అబద్దం ఆడేది శాతగాదు సామీ, అందుకే ఉండేది ఉన్నట్టు చెప్తా ఉండా!" మీ అల్లుడు ఎన్నిసార్లు "మామా, మామా" అన్నా నీకు వినపడలేదు. నీ మాట అయిపోగానే పెట్టేశావు. నువ్వు నిజాయితీపరుడివని నాకు తెలుసు నాయనా. ఈ ఒక్కసారి కాకపోయినా లోకం మునిగేది కాదు.

మా అత్త కేకలు వేస్తుందని, పుట్టింటికి జాబులు రాసే కోడలు నాకెందుకని రచ్చ చేస్తుందని చూశాను. ఆమె చేయి కడుక్కొని వచ్చి, "లోపలికి రా మే" అంది. గదిలో మంచం మీద నన్ను కూర్చోబెట్టి తాను నేల మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. మీ అల్లుడికంటే ముందు ఆమెకు ఒక కొడుకు పుట్టాడట. ఈ సంగతి మీ అల్లుడే నాకు ఎప్పుడూ చెప్పలేదు. కార్వేటినగరంలో, ఆమె పుట్టింట్లో, నడికత్తిరిలో కాన్పు అయిందట. పేరు పెట్టే రోజు దాకా కూడా నిలవలేదట.

"ఒళ్ళు పెనం మాదిరి కాలిపోయె మే. నా చేతల్లోనే. మంత్రసాని జూసి కత్తిరి బిడ్డ తల్లీ, కత్తిరే తీసకపోయె అనె. నీకు రోషముంటే నన్ను తిట్టు, కొట్టు. ఇంకొక బిడ్డను మాత్రం నేను కత్తిరికి ఇయ్యను." ఇలా అని నా మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఆ రోజు నుంచి శుక్రవారం దాకా అన్నం ముట్టనని మొక్కుకొని ఒక్కపొద్దు ఉంటోంది. మజ్జిగ నీళ్ళతో సరిపెడుతోంది. ఎండలో వాడిపోయిన ఆ మొహం చూస్తే నాకు తిన్న అన్నం అరగడం లేదు.

ఆమెను అసహ్యించుకోగలిగితే నా పని సులువయ్యేది. అదే నా ఖర్మ నాయనా, ఆమెను అసహ్యించుకోలేను. పైగా ఇప్పుడు నాకే అనుమానం మొదలైంది. ఒకవేళ ఆమెదే నిజమైతే? నేను పట్టుబట్టి, పారిపోయి, బిడ్డను కత్తిరిలో కని, ఆ బిడ్డకు ఏమైనా అయితే ఆమె నన్ను ఒక్క మాట అనకపోయినా నేను బతుకుతానా? కోయిస్తే ఊపిరి అందక పోతుందేమోనని భయం, ఉంచితే ఎండకు పోతుందేమోనని భయం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మధ్యలో నేను కడుపు మీద చేయి పెట్టుకొని నిలబడి ఉన్నాను. నిన్న మధ్యాహ్నం కాసేపు తన్నలేదు. చక్కెర నీళ్ళు తాగి పడుకుంటే మళ్ళీ కదిలింది. కదలగానే అమ్మను తలుచుకొని ఏడ్చాను. అమ్మ ఉంటే ఏం చెప్పేదో నాకు తెలియదు. అమ్మ కూడా కత్తిరి అనేదేమో.

మీ అల్లుడితో ఆఖరిసారి మాట్లాడాను. "డాక్టరమ్మ మాట వినపడలేదా మీకు?" అని అడిగాను. "నాకు రెండు చెవులూ ఉండాయి రూపా. ఒక చెవిలో డాక్టరమ్మ, ఒక చెవిలో మా అమ్మ. నేనేం జేసేది?" అన్నాడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఇక అడిగి లాభం లేదని లేచిపోయాను.

గురువారం సాయంత్రం నర్సింగ్ హోమ్‌లో చేర్పిస్తారు. చేరితే నా చేతిలో ఏమీ ఉండదు. అందుకని నేను నిర్ణయం చేసుకున్నాను. బుధవారం మధ్యాహ్నం అన్నాలైనాక అందరూ పడుకుంటారు. అప్పుడు బయలుదేరి బస్టాండుకు పోయి పలమనేరు బస్సెక్కుతాను. రెండు చీరలు, డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలు సంచిలో పెట్టి ఉంచాను. ఆ ఎండలో, ఈ కడుపుతో, ఒంటరిగా పోవడం బుద్ధి లేని పని అని నాకూ తెలుసు. బుద్ధి ఉన్న పని ఒక్కటి చూపించు, అది చేస్తాను. నువ్వు పలమనేరు బస్టాండులో ఉండు. ఒక గది ఊడ్చి పెట్టించు. దయచేసి ఫోను ముట్టుకోవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ కూతురు,
రూప


తిరుపతి,
మే 27

మునిరామయ్య అన్నకు,

మీ చెల్లెలి వరుసైన భారతమ్మ దండాలు. పోయిన వారం మీరు వచ్చి మనవరాలిని ఎత్తుకొని, ఆసుపత్రి ఆసుపత్రంతా వినేలా "మహాలక్ష్మి! మహాలక్ష్మి!" అని అరిచిపోయారు. నర్సమ్మలు ఇంకా ఆ మాటే చెప్పుకొని నవ్వుతున్నారు. మీరున్నప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. అది అరిచి చెప్పే మాట కాదు. అందుకని, రాసి ఏళ్ళయినా, ఎనిమిదో తరగతి దాకా నేర్చిన అక్షరాలు మళ్ళీ కూడగట్టుకున్నాను.

ఆ బుధవారం మీరు పలమనేరు బస్టాండులో పొద్దు గూకే దాకా కూర్చున్నారని రూప చెప్పింది. మీకు మేము పెట్టిన ఆ కష్టానికి ముందు క్షమించండి. ఆపరేషను మానుకున్నామని మాత్రమే మీకు తెలుసు. ఎందుకు మానుకున్నామో మీకు తెలియదు, నా కొడుక్కీ తెలియదు.

ఆ మధ్యాహ్నం నేను నిద్రపోలేదు. గడియ తీసిన చప్పుడు విన్నాను. కోడలు చెప్పులు చేతిలో పట్టుకొని మెట్లు దిగుతోంది. గట్టిగా పిలిస్తే ఆ మెట్ల మీద పరుగెత్తి పడుతుందేమోనని పిలవలేదు. వెనకే ఆటో పట్టుకొని బస్టాండుకు పోయాను. బస్సు కదులుతుండగా ఎక్కి పక్కన కూర్చున్నాను. నన్ను చూసి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "దిగు మే, ఇంటికి పోదాం" అన్నాను. "దిగను. మీరు ఈడనే నన్ను చంపినా దిగను అత్తమ్మా" అంది. బస్సులో అందరూ చూస్తున్నారు. కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందర కూర్చున్నట్టుంది.

చంద్రగిరి వచ్చేసరికి రూప తల నా భుజం మీదికి వాలిపోయింది. చెమట పట్టడం కూడా మానేసింది. కండక్టరును బతిమాలి దిగాము. రోడ్డు పక్కన నన్నారి షరబత్తు అమ్మే ఒకామె, తడిపిన గోనెపట్టా కట్టిన పందిట్లో మమ్మల్ని కూర్చోబెట్టింది. రూప మొహం మీద నీళ్ళు చల్లి, గ్లాసు చేతికిచ్చింది. రూప ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది. షరబత్తు ఆమె మళ్ళీ నింపింది. రూప దాని కోసం చేయి చాచేసరికి, అన్నా, నా చేయి దానంతట అది పోయి ఆ గ్లాసును పట్టుకుంది. "సాలు మే. అన్నేసి నీళ్ళు తాగగూడదు" అన్నాను.

రూప నా చేతిని చూసింది. కోపంతో కాదు. ఎంతో మెల్లగా, "అత్తమ్మా, ఆ పొద్దు మీకు నీళ్ళిచ్చినారా?" అని అడిగింది.

అంతే అడిగింది. నేను గ్లాసు వదిలేశాను.

ఇవ్వలేదన్నా. బాలింతకు నీళ్ళు తాగనిస్తే ఒళ్ళు ఊరుతుందని, పసిబిడ్డకు జలుబు చేస్తుందని, అన్నం తిన్నాక అర గ్లాసు వేడినీళ్ళు తప్ప మా అమ్మ ఇవ్వలేదు. గదికి ఉన్న ఒక్క కిటికీలో గోనెసంచి కుక్కారు. గాలి తగలకూడదని తలుపుకు దుప్పటి కట్టారు. నడికత్తిరిలో, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. నాకు నాలుక అంగిటికి అతుక్కుపోయేది. పాలు మూడో నాటికే చాలలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి మానుకున్నాడు. ఏడుపు మానుకుంటే నిమ్మళించాడని అందరం సంతోషించాము. ఆ వారమే మా కొట్టంలో మేక ఈనింది. అదే కత్తిరి, అవే తల్లులు కళ్ళు మూసుకున్న రోజులు. మేకపిల్లలు చింతనీడలో గంతులు వేసుకుంటూ బతికాయి.

నాకు తెలియదని చెప్పను. ఏడాది తిరగకముందే మనసుకు తట్టింది. తట్టిన ప్రతిసారీ ఆ తలుపు మూసేశాను. ఎందుకంటే మా అమ్మ చెడ్డది కాదు. నేను ఈనాటికీ అంత మంచి మనిషిని చూడలేదు. నా కాన్పుకని చేతి గాజులు అమ్మి నెయ్యి కొన్న మనిషి. ఆమెకు వాళ్ళమ్మ ఏం చేసిందో అదే నాకు చేసింది. ఆ బిడ్డ పోయిన నాడు నాకంటే ఎక్కువ పొర్లి పొర్లి ఏడ్చింది. ఆమె చేతుల వల్ల పోయాడని అనుకుంటే నేను ఆమె మొహం ఎలా చూడను? మంత్రసాని కత్తిరి అనింది. నేను ఆ మాట పట్టుకున్నాను. నక్షత్రం మీద వేస్తే అది తిరిగి మాట్లాడదు, గుండె పగిలి ఏడవదు. అది మోస్తుందిలే అని దాని నెత్తిన పెట్టాను. అలా పెట్టి పెట్టి చివరికి నిజంగానే నమ్మేశాను. నమ్మి, మీ కూతురి కడుపు మీదికి కత్తి తెచ్చాను.

ఇదంతా ఆ పందిట్లో రూపకు చెప్పాను. ఆమె రెండో గ్లాసు నా ముందుకు జరిపి, "మీరు తాగండి ముందు. ఒక్కపొద్దు చాలించండి" అంది. తాగాను. తిరిగి వచ్చాక నర్సింగ్ హోమ్ వద్దని చక్రధర్‌కు చెబితే, వాడు ఎందుకని అడగను కూడా అడగలేదు. స్నానాల గదిలోకి పోయి ఏడ్చి వచ్చాడు. వాడూ లోపల్లోపల చస్తూ ఉన్నాడన్నమాట.

బిడ్డ పుట్టిన రోజు, మీకు తెలుసు, కత్తిరి నడినెత్తిన ఉంది. నాకు భయం పోలేదన్నా, పోయిందని అబద్ధం చెప్పను. పురిటి గది బయట కూర్చొని ఆ ఆరుగురు తల్లులకూ ఒకటే మొక్కు మొక్కాను. కళ్ళు మూసుకుంటే మూసుకోండి, మేము తెరుచుకొని ఉంటాము అని. ఇంటికి తెచ్చాక కిటికీలన్నీ తెరిచాము. తడి చాప కట్టాము. రూప మంచం పక్కన చెంబు ఎప్పుడూ ఖాళీ కాకుండా నేనే నింపుతున్నాను. గంటకొకసారి బిడ్డ నుదురు తాకి చూస్తున్నాను. చల్లగా ఉంటుంది. పాలు తాగి, కడుపు నిండి నిద్రపోతుంది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. బిడ్డను ఇంటికి తెచ్చిన మరునాడు మా అమ్మ కార్వేటినగరం నుంచి మునిమనవరాలిని చూడ్డానికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. వచ్చి గది వాకిట్లోనే నిలబడిపోయింది. తెరిచిన కిటికీ చూసింది, తిరిగే ఫ్యాను చూసింది. రూప గటగటా నీళ్ళు తాగడం చూసింది. బిడ్డను చూసింది. తరువాత మంచం కోడు పట్టుకొని కూర్చుంది. నేను వంటింట్లోకి పోతే నా వెనకే వచ్చింది.

"భారతీ, నీళ్ళు తాగొచ్చునా? డాక్టరమ్మే సెప్పిందా?" అంది.

"ఊ" అన్నాను.

"అయితే... ఆ పొద్దు నీకు నేను నీళ్ళిచ్చి ఉంటే..." అని, మిగతాది అనలేక నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళు చూడలేకపోయాను. నేను పొయ్యి ఆర్పి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఏం మాటలుమా అవి? నీళ్ళకేమి సంబంధం? అది కత్తిరి. కత్తిరికి నువ్వేం జేస్తావు?" అన్నాను.

"కత్తిరేనా?" అంది.

"కత్తిరేమా" అన్నాను.

ఆమె పైట చెంగుతో కళ్ళు తుడుచుకొని, "అవును, ఆ ఏడు శానా ఎండలు" అని పోయి బిడ్డ పక్కన పడుకుంది. రూప గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

మా అమ్మ ఈ నెలాఖరు దాటినా ఇక్కడే ఉంటుంది. మీరు పేరు పెట్టే పండుగకు వస్తారు. వయసైనవాళ్ళు ఇద్దరు కలిస్తే ఎండల మాటే వస్తుంది. ఆమె మీతో నా పెద్దకొడుకు సంగతి చెప్పి, కత్తిరి తీసుకుపోయింది అంటుంది. అప్పుడు మీరు ఆవుల మాట, నెలల మాట ఏమీ ఎత్తకండి. మీకు అబద్ధం ఆడడం చేతకాదని నాకు తెలుసు. నోటితో ఏమీ చెప్పక్కరలేదు. అవునన్నట్టు తల ఊపండి చాలు.

మీ చెల్లెలు,
భారతమ్మ